మధ్యాహ్నం ఒకటిన్నరకు బ్యాకప్

లినక్స్‌లో బ్యాకప్ గురించి ఎక్కడ చదివినా కథ అర్ధరాత్రి రెండు గంటలకే మొదలవుతుంది. 0 2 * * * అని ఒక వరుస రాసుకోండి, మీరు పడుకోండి, మిగతాది మెషిన్ చూసుకుంటుంది అంటారు. అలా రాసేవాళ్ల మెషిన్ సర్వర్. రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. కర్నూలు పాతబస్తీలో మా మామ దస్తావేజులు రాసే ఆఫీసు సంగతి వేరు. సాయంత్రం ఏడున్నర దాటితే మామ కంప్యూటర్ ఆపుతాడు, స్టెబిలైజర్ ఆపుతాడు, మెయిన్ స్విచ్ దించుతాడు, షట్టర్ తాళం రెండుసార్లు లాగి చూసుకుని పోతాడు. ఆపేసిన కంప్యూటర్‌లో రెండు గంటలకు క్రాన్, అంటే ఆ వరుస చదివి వేళకు పని నడిపే ప్రోగ్రాం, ఏమీ చేయదు. పొద్దున ఆన్ చేసినప్పుడైనా "రాత్రి పని ఒకటి మిగిలిపోయింది" అని చెప్పదు. దాని దృష్టిలో ఆ నిమిషం వచ్చిందా లేదా, అంతే. రాకపోతే మళ్లీ రేపు రెండింటికి. రేపూ మెయిన్ దించే ఉంటుంది.

అందుకే మామ కంప్యూటర్‌కు బ్యాకప్ పెట్టేటప్పుడు నేను కమాండ్ల జోలికి పోకముందు రెండు రోజులు ఆఫీసులో ఊరికే కూర్చున్నాను. మెషిన్ ఎప్పుడు ఆన్ అవుతోంది, ఎప్పుడు ఖాళీగా ఉంటోంది, కరెంటు ఎప్పుడు పోతోంది, ఎవరు ఏ ఫోల్డర్‌లో సేవ్ చేస్తున్నారు అని. అక్కడ తేలిందే ఒకటిన్నర. ఒకటిన్నరకు మామ భోజనానికి ఇంటికి పోతాడు, టైపు చేసే పిల్లాడు క్యారియర్ విప్పుకుంటాడు. కంప్యూటర్ మాత్రం ఆన్‌లోనే ఉంటుంది, ఎందుకంటే ఆపితే మళ్లీ లేవడానికి పట్టే టైమ్ ఇద్దరికీ తెలుసు. మూడు దాకా దాన్ని ఎవరూ ముట్టరు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో కూడా ఆ వేళ కదలిక ఉండదు.

ఇక ఆ మెషిన్. కోర్ 2 డుయో, 2 జీబీ ర్యామ్, మామూలు తిరిగే హార్డ్ డిస్క్. చాలా ఏళ్లు విండోస్ 7 మీద నడిచింది. 2020 జనవరి 14తో దానికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసిన తర్వాత కూడా మామ దాన్నే వాడాడు. ఎవరి పెన్ డ్రైవ్ పెడితే వాళ్ల వైరస్ ఎక్కేది. కొత్త విండోస్ ఆ డబ్బాకు సరిపడదు. నేను పనిచేసేది డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో, ఇలాంటి ముసలి మెషిన్లను బతికించడం నాకు రోజూ ఉండే పనే. డెబియన్ 12 అనే లినక్స్ వేసి, మీద తేలికైన ఎల్‌ఎక్స్‌క్యూటీ డెస్క్‌టాప్ పెట్టాను. లిబ్రే ఆఫీస్, స్కానర్, ప్రింటర్, బ్రౌజర్ ఒకటి. రెండు జీబీలో ఇవి సాగుతాయి. బ్రౌజర్‌లో ట్యాబులు ఎక్కువ తెరిస్తే సాగవు, అది పిల్లాడికి ఒక పూటలోనే అర్థమైంది. ఇంకా పాత 32 బిట్ మెషిన్ ఉన్నవాళ్లకు ఒక మాట: 2025లో వచ్చిన డెబియన్ 13కు 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు. పాత నెట్‌బుక్‌లు ఉంటే యాంటీఎక్స్ లాంటి తేలికపాటి లినక్స్‌లు చూసుకోవాలి.

"పెన్ డ్రైవ్‌లో ఏసుకుంటానే ఉన్నా గదా పాపా, మళ్లా ఇదంతా యాందుకు?" అన్నాడు మామ, నేను ఎక్స్‌టర్నల్ డిస్క్ కొనమన్నప్పుడు.

మామ ఆఫీసులో ఏముంటుందో చెప్పాలి. క్రయ దస్తావేజులు, దాన సెటిల్‌మెంట్లు, భాగ పరిష్కారాలు, తనఖాలు, వాటి చిత్తులు. రిజిస్టర్ అయిపోయిన దస్తావేజుకు భయం లేదు. 1998లో కార్డ్ అనే రిజిస్ట్రేషన్ల కంప్యూటర్ పద్ధతి వచ్చినప్పటి నుంచి రిజిస్ట్రేషన్ ఆఫీసులోనే కంప్యూటర్‌లో కాపీ ఉంటుంది, నకలు తీసుకోవచ్చు. భయమంతా ఇంకా రిజిస్టర్ కానివాటితోనే. అన్నదమ్ముల భాగాల చిత్తు ఒకటి నెలల తరబడి నలుగుతుంది. పెద్దాయన ఒక బావి అటు జరపమంటాడు, చిన్నాయన కోడలు దారి ఇటు వదలమంటుంది. ఆ చర్చల సారమంతా ఒక్క ఫైల్‌లో ఉంటుంది. చెక్కుబందీ మళ్లీ మొదటి నుంచి రాయాలంటే అందరినీ మళ్లీ కూర్చోబెట్టాలి, కూర్చోబెడితే పాత గొడవ మళ్లీ లేస్తుంది. పైగా కొత్త దస్తావేజు ఏదైనా మామ ఖాళీ పేజీతో మొదలుపెట్టడు. అదే సర్వే నంబరులో ముందు రాసింది తెరిచి, దాని మీద రాస్తాడు. పాత ఫైళ్లు పోతే ఆయన సగం జ్ఞాపకం పోయినట్టే.

ఆయనకు అది తెలియక కాదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికి వచ్చినప్పుడు ఈ ఆఫీసు మునిగింది. శ్రీశైలానికి ఆ వరదలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వచ్చాయి. ఆ డ్యామ్‌ను కట్టింది 19 లక్షల లెక్కకు. వెనక జలాలు ఎగదన్నడం, పైనుంచి నదులు దిగడం రెండూ కలిసి పాతబస్తీ ఒకటో అంతస్తు దాకా నీళ్లలో ఉండిపోయింది. నీళ్లు తీశాక మేమంతా పోయి చూశాం. కట్టలు కట్టలుగా స్టాంపు పేపర్లు, జిరాక్సులు అట్టలా అతుక్కుపోయాయి. మిద్దె మీద రాళ్లు పెట్టి ఎండబెట్టాం. విప్పితే సిరా అచ్చు పక్క కాగితం మీదికి ఎక్కింది. కంప్యూటర్ డబ్బా ఒంచితే ఒండ్రు కారింది. మామ అప్పట్లోనే నెలకొకసారి సీడీలు రాయించి పెట్టుకునేవాడు, ఆ కాలానికి అది పెద్ద జాగ్రత్తే. ఆ సీడీలు ఉన్నది అదే బల్ల కింది సొరుగులో.

కాబట్టి "ఎప్పుడు" అన్నదానికి ఒకటిన్నర ఎట్లా జవాబో, "ఎక్కడ" అన్నదానికి కూడా ఈ ఊరిని చూసే జవాబు చెప్పుకోవాలి. మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే చోట అనే సూత్రం అందరూ చెబుతారు. మా విషయంలో వేరే చోటంటే పక్క వీధి కాదు, బుధవారపేట కాదు. నదికి సంబంధం లేని చోటు. డోన్‌లో మా అక్క ఇల్లుంది. యాభై కిలోమీటర్ల చిల్లర, బస్సులో గంటన్నర లోపే. తుంగభద్ర ఎంత పొంగినా అక్కడికి రాదు. డోన్‌లో తాగడానికే నీళ్లు చాలవని అక్క ఎప్పుడూ దెప్పుతుంది. ఆ కరువు మాకిప్పుడు పనికొచ్చింది.

సరే, పనిలోకి.

ఫైళ్లు కాపీ చేయడానికి ఆర్‌సింక్ తప్ప వేరేది ఆలోచించలేదు. 1996 నుంచి ఉన్న పనిముట్టు, ఇంత చిన్న మెషిన్‌కు కూడా బరువు కాదు, మారిన ఫైళ్లనే ముట్టుకుంటుంది. బొమ్మలున్న బ్యాకప్ ప్రోగ్రాములు చాలానే ఉన్నాయి. బ్యాక్ ఇన్ టైమ్ మంచిదే, లోపల అది వాడేదీ ఆర్‌సింక్‌నే. టైమ్‌షిఫ్ట్ కూడా చాలామంది సలహా ఇస్తారు కానీ అది సిస్టమ్‌ను వెనక్కి తిప్పడానికి. హోమ్ ఫోల్డర్‌లోని ఫైళ్లను మామూలుగా అది వదిలేస్తుంది. టైమ్‌షిఫ్ట్ ఉంది కదా అని దస్తావేజుల విషయంలో ధీమాగా ఉంటే అంతే సంగతులు.

ఆర్‌సింక్‌లో డిలీట్ అనే ఆప్షన్ ఉంది. ఇక్కడ లేని ఫైల్‌ను అక్కడా తీసేస్తుంది. అద్దంలా ఒకే కాపీ పెట్టుకుంటే దీనివల్ల పెద్ద ముప్పు. పిల్లాడు పొద్దున పొరపాటున ఒక ఫోల్డర్ తుడిచేస్తే, ఒకటిన్నరకు బ్యాకప్ కూడా శ్రద్ధగా తుడిచేస్తుంది. అందుకని రోజుకో తేదీ పేరుతో ఫోల్డర్ పెట్టి, లింక్‌డెస్ట్ అనే ఆప్షన్ వాడాను. నిన్నటి ఫోల్డర్‌ను చూపించి "ఇందులో ఉన్నవి మారకపోతే మళ్లీ కాపీ చేయకు, వాటికే లింక్ పెట్టు" అని చెప్పడం అది. మామకు ఇది వెంటనే అర్థమైంది, ఎందుకంటే ఆయన భాషలోనే చెప్పాను: స్థలం ఒకటే, దాని మీద లింకు డాక్యుమెంట్లు పది. ఏ తేదీ ఫోల్డర్ తెరిచినా ఆ రోజు ఉన్నవన్నీ పూర్తిగా కనిపిస్తాయి, డిస్క్ మీద మాత్రం ఒక్కసారి పట్టే చోటే పడుతుంది. పాత తేదీ ఒకటి తుడిచినా మిగతా తేదీలకు ఏమీ కాదు. ఒక్క చిక్కు ఉంది. స్థలం ఒకటే కాబట్టి డిస్క్‌లో సరిగ్గా ఆ చోటు చెడితే అన్ని తేదీల్లోనూ ఆ ఫైల్ చెడినట్టే. తేదీలు యాభై ఉన్నాయి కదా, యాభై కాపీలు ఉన్నాయనుకోకూడదు. ఉన్నది ఒక్క కాపీ. రెండోది డోన్‌లో.

ఈ లింకుల పద్ధతికి డిస్క్ ఫార్మాట్ సహకరించాలి. షాపులో కొన్న ఎక్స్‌టర్నల్ డిస్క్ సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్‌లోనో ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనో వస్తుంది. ఎక్స్‌ఫ్యాట్‌లో ఇలాంటి లింకులు పెట్టడం కుదరదు, ఫైల్ ఎవరిది, ఎవరు చదవచ్చు అన్న అనుమతులూ నిలవవు. డిస్క్ కొన్న రోజే, ఖాళీగా ఉన్నప్పుడే, లినక్స్ సొంత ఫార్మాట్ ఈఎక్స్‌టీ4లోకి మార్చాను. విండోస్‌లో పెడితే అది కనిపించదు. నా లెక్కలో అదీ మంచిదే, ఎవరూ ఆ డిస్క్‌ను సినిమాలు ఎక్కించుకోవడానికి అడగరు.

స్క్రిప్ట్ చిన్నదే, ఒక పేజీ కూడా లేదు. కానీ అందులో మొదటి వరుస కాపీ చేసే వరుస కాదు. డిస్క్ నిజంగా తగిలించి ఉందా అని మౌంట్‌పాయింట్ కమాండ్‌తో అడుగుతుంది, లేకపోతే అక్కడే ఆగిపోతుంది. ఇది లేకపోతే జరిగేది వినండి. డిస్క్ తీసేసి ఉంటుంది. అది కూర్చోవాల్సిన ఖాళీ ఫోల్డర్ మాత్రం అలాగే ఉంటుంది. ఆర్‌సింక్‌కు తేడా తెలియదు, ఆ ఖాళీ ఫోల్డర్‌లోకే, అంటే అదే కంప్యూటర్ హార్డ్ డిస్క్‌లోకే, అన్నీ మళ్లీ కాపీ చేసి "అయిపోయింది" అంటుంది. మెయిన్ డిస్క్ నిండిపోతుంది, ఒకరోజు మెషిన్ లాగిన్ కూడా కాదు. మా ల్యాబ్‌కు బాగుచేయమని వచ్చిన ఒక మెషిన్‌లో సరిగ్గా ఇదే చూశాను. తెచ్చినాయన మూడేళ్ల బ్యాకప్ ఉందనే ధైర్యంతో వచ్చాడు.

ఏ డిస్క్ ఏ ఫోల్డర్‌లో కూర్చోవాలో మెషిన్ చూసుకునే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో ఆ డిస్క్‌ను దాని యూయూఐడీతో, అంటే దానికి మాత్రమే ఉండే గుర్తింపు సంఖ్యతో రాయాలి. యూఎస్‌బీ రంధ్రం మారితే పరికరం పేరు మారుతుంది, యూయూఐడీ మారదు. పక్కనే నోఫెయిల్ అని తప్పకుండా ఉండాలి. అది లేకుండా డిస్క్ తీసేసి మెషిన్ ఆన్ చేస్తే, బూట్ అవుతూ డిస్క్ కోసం నిమిషంన్నర ఎదురు చూసి, ఆఖరికి నల్ల తెర మీద ఎమర్జెన్సీ మోడ్ అని నిలబడుతుంది. పార్టీలు ఎదురుగా కూర్చుని ఉండగా మామకు ఆ తెర కనిపిస్తే నాకు ఎన్ని ఫోన్లు వస్తాయో ఊహించగలను.

ఇక టైమ్ పెట్టడం. క్రాన్‌తోనే అయితే వరుస ఇలా ఉంటుంది: 30 13 * * 1-6. నిమిషం, గంట, నెలలో తేదీ, నెల, వారం. సోమవారం నుంచి శనివారం దాకా మధ్యాహ్నం ఒకటిన్నర. క్రాన్ వాడేవాళ్లకు రెండు చోట్ల కాలు జారుతుంది. టెర్మినల్‌లో మనకు దొరికే కమాండ్లన్నీ క్రాన్‌కు దొరకవు, అది వెతికే దారులు చాలా కొద్ది. అందుకని స్క్రిప్ట్‌కూ, లోపలి సొంత ప్రోగ్రాములకూ పూర్తి దారి రాయాలి. రెండోది శాతం గుర్తు. క్రాన్ వరుసలు రాసే క్రాన్‌ట్యాబ్ ఫైల్‌లో % అంటే కొత్త వరుస అని అర్థం. తేదీ పేరుతో ఫోల్డర్ పెట్టాలని అక్కడే % వాడితే కమాండ్ సగంలో తెగుతుంది. \% అని రాయాలి, లేదా తేదీ సంగతి స్క్రిప్ట్ లోపలికి నెట్టేయాలి. నేనైతే రెండోదే చేస్తాను.

కానీ మామ మెషిన్‌కు క్రాన్ వాడలేదు. ఒకటిన్నర అనేది మెషిన్ ఎక్కువగా ఆన్‌లో ఉండే వేళే కానీ, ఎప్పుడూ ఉంటుందని కాదు. మే నెలలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఆఫీసు యూపీఎస్ ఫైల్ సేవ్ చేసుకుని ఆపుకునేంత సేపే నిలబడుతుంది. పెళ్లిళ్ల రోజుల్లో మామ పన్నెండుకే షట్టర్ దించేస్తాడు. తప్పిపోయిన పని తర్వాతైనా జరగాలి. దీనికి పాత మందు అనాక్రాన్. గంటల లెక్క చూడదు, "ఈ పని చేసి ఒక రోజు దాటిందా" అని మాత్రం చూస్తుంది, దాటితే మెషిన్ లేచిన కొన్ని నిమిషాలకు మొదలుపెడుతుంది. ల్యాప్‌టాప్ వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. డెబియన్ కుటుంబంలో అనాక్రాన్ బ్యాటరీ మీద ఉన్నప్పుడు మామూలుగా పని ఎత్తుకోదు. కరెంటు లేని పూటల్లోనే ల్యాప్‌టాప్ తెరిచే అలవాటుంటే బ్యాకప్ ఎప్పటికీ జరగదు, ఎందుకు జరగలేదో కూడా తెలియదు.

నాకు రెండూ కావాలి: వీలైతే ఒకటిన్నరకే, తప్పితే తర్వాత. మెషిన్ లేచినప్పటి నుంచి లోపలి పనులన్నీ నడిపించే సిస్టమ్‌డీలోని టైమర్ ఇది ఇస్తుంది. డెబియన్‌లో అది ముందే ఉంటుంది, కొత్తగా ఏదీ ఎక్కించక్కర్లేదు, 2 జీబీ మెషిన్‌లో అదీ ఒక లాభమే. రెండు చిన్న ఫైళ్లు రాయాలి. ఒకటి సర్వీస్, అంటే ఏం చేయాలో. రెండోది టైమర్, అంటే ఎప్పుడో. టైమర్‌లో ఆన్‌క్యాలెండర్ దగ్గర సోమవారం నుంచి శనివారం, 13:30 అని రాసి, పర్సిస్టెంట్ అన్నదాన్ని ట్రూ చేశాను. పని కిందటిసారి ఎప్పుడు మొదలైందో అది డిస్క్ మీద రాసి పెట్టుకుంటుంది. మెషిన్ లేచినప్పుడు మధ్యలో ఒక ఒకటిన్నర దాటిపోయిందని చూస్తే పని ఎత్తుకుంటుంది. ఇక్కడే ఇంకో చిన్న సంగతి. పొద్దున ఆన్ చేయగానే ఎత్తుకుంటే ఆ ముసలి హార్డ్ డిస్క్ గరగర తిరుగుతూ, మొదటి పార్టీ ఎదురుగా లిబ్రే ఆఫీస్ తెరుచుకోకుండా సతాయిస్తుంది. రాండమైజ్డ్‌డిలేసెక్ అనే వరుసలో కొంత వ్యవధి ఇస్తే, ఆ వ్యవధిలో ఎప్పుడో నెమ్మదిగా మొదలవుతుంది. సర్వీస్‌లో ఆర్‌సింక్‌ను నైస్‌తో, ఐవో‌నైస్‌తో నడిపిస్తే మనుషుల పని తర్వాతే దాని పని.

ఎనేబుల్ చేయాల్సింది టైమర్‌ను, సర్వీస్‌ను కాదు. సర్వీస్‌ను ఎనేబుల్ చేస్తే మెషిన్ లేచిన ప్రతిసారీ నడుస్తుంది, ఒకటిన్నరతో సంబంధం ఉండదు. లిస్ట్‌టైమర్స్ అని అడిగితే మళ్లీ ఎప్పుడు, కిందటిసారి ఎప్పుడు రెండూ చూపిస్తుంది. ఆ రెండు తేదీలు సరిగ్గా ఉంటే టెన్షన్ లేదు. యాంటీఎక్స్‌లో సిస్టమ్‌డీ ఉండదు కాబట్టి అక్కడ క్రాన్, అనాక్రాన్ జోడీయే గతి.

మామ మెషిన్‌లో ఆ తేదీలు మొదట సరిగ్గా లేవు. టైమర్ తప్పు కాదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఒకటి ఉంటుంది, సీఆర్ 2032. మెయిన్ దించిన తర్వాత గడియారాన్ని నడిపేది అదే. పాత మెషిన్లలో అది ఎప్పుడో చచ్చి ఉంటుంది. మామూలు ఇంట్లో ప్లగ్‌లో కరెంటు ఉంటుంది కాబట్టి బయటపడదు. మామ రోజూ మెయిన్ దించుతాడు కాబట్టి రోజూ పొద్దున గడియారం పాత కాలానికి పోయేది. నెట్ కలిస్తే సర్దుకునేది, కానీ ఆఫీసులో నెట్ అంటే పిల్లాడి ఫోన్ హాట్‌స్పాట్, వాడు పదకొండుకు వస్తాడు. ఆ లోపు సేవ్ చేసిన ఫైళ్లకు పాత తేదీలు. మామ దాన్ని ఎన్నేళ్ల నుంచి పట్టించుకోలేదో, పెట్టుకోవాల్సిన తేదీలు ఎట్లాగూ దస్తావేజులో చేత్తో టైపు చేస్తాడు కదా. వాచీల షాపులో దొరికే ఆ బిళ్ల మార్చాక గడియారం నిలబడింది. మీ ముసలి మెషిన్‌లో టైమర్లు వింతగా ప్రవర్తిస్తుంటే కాన్ఫిగ్ ఫైళ్లు తవ్వేముందు ఆ బిళ్ల చూడండి.

డోన్‌కు పోయే డిస్కులు వేరు, రెండున్నాయి. వాటిలో పార్టీల ఆధార్ కాపీలు, పాన్ కార్డులు, ఫొటోలు, వేలిముద్రలు వేసిన కాగితాల స్కాన్లు ఉంటాయి. బస్సులో సంచితో పోయే డిస్క్‌ను ఎవరైనా ఎత్తుకుపోతే పోయేది మా పరువు ఒక్కటే కాదు, వాళ్ల ఆస్తుల వివరాలు. కాబట్టి ఆ రెండు డిస్కులనూ మొత్తంగా లక్స్ అనే లినక్స్ తాళంతో ఎన్‌క్రిప్ట్ చేశాను. తెరవాలంటే పాస్‌ఫ్రేజ్ కావాలి. కోర్ 2 డుయోలో ఎన్‌క్రిప్షన్‌కు ప్రత్యేకమైన ఏఈఎస్ సూచనలు లేవు, అన్నీ మామూలు సూచనలతోనే లెక్క కట్టుకోవాలి, అందుకని అది నిదానంగా సాగుతుంది. మారినవి మాత్రమే పోతాయి కనుక ఓర్చుకోవచ్చు. ఇది టైమర్‌తో కాదు, చేత్తోనే. అక్క కర్నూలు వచ్చినప్పుడో నేను డోన్ పోయేటప్పుడో డిస్కులు మారుతాయి. ఒకటి ఇక్కడుంటే ఒకటి అక్కడ. రెండూ ఒకేసారి పాతబస్తీలో ఒక్క రాత్రి కూడా ఉండకూడదని నియమం పెట్టాను. వానాకాలంలో ఈ నియమం మామే నాకు గుర్తు చేస్తాడు.

పాస్‌ఫ్రేజ్ మరిచిపోతే ఆ డిస్క్ ఇటుకతో సమానం, ఎవరూ తెరవలేరు. డిస్క్ మొదట్లో తాళం వివరాలు ఉండే హెడర్ చెడినా అంతే. అందుకని హెడర్‌కు కూడా ఒక కాపీ తీసి వేరే పెట్టాను. పాస్‌ఫ్రేజ్ కాగితం మీద రాసి, కవర్‌లో అంటించి, అత్త బీరువాలో పెట్టించాను. దాంతోపాటు ఇంకో కాగితం, పూర్తిగా తెలుగులో: డిస్క్ ఎక్కడుంది, ఏ తీగ, ఏ మెషిన్‌కైనా లినక్స్ ఉన్నదానికి పెట్టి ఏం నొక్కాలి, ఏ ఫోల్డర్ తెరవాలి. నేను ఊళ్లో లేని రోజున ఈ పని వేరే ఎవరైనా చేయగలగాలి. ఈ కాగితం రాయడానికి స్క్రిప్ట్ రాయడానికంటే ఎక్కువ టైమ్ పట్టింది.

క్లౌడ్‌లో పెట్టొచ్చు కదా అంటారు. పెట్టొచ్చు, రెస్టిక్ లాంటివి ముందే ఎన్‌క్రిప్ట్ చేసి పంపిస్తాయి. హాట్‌స్పాట్ మీద నడిచే ఆఫీసులో స్కాన్లన్నీ పైకి ఎక్కించడం కుదిరే పని కాదని వదిలేశాను. చిత్తులు మాత్రం చిన్నవి. వాటికోసం ఎప్పుడైనా చేస్తానేమో.

మామకు టెర్మినల్ తెరిచి లాగ్ చదవమని చెప్పలేను. నోటిఫికేషన్ చూపిద్దామంటే, సిస్టమ్ వైపు నుంచి నడిచే పనికి డెస్క్‌టాప్ మీద ముక్క చూపించడం కాస్త తిప్పలు. సులువైన దారి పట్టాను. పని పూర్తయితే స్క్రిప్ట్ డెస్క్‌టాప్ మీద ఒక టెక్స్ట్ ఫైల్ పెడుతుంది. ఫైల్ పేరే సంగతి చెబుతుంది: "బ్యాకప్ అయింది" అని, పక్కన తేదీ. డిస్క్ లేకపోతే "డిస్క్ తగిలించలేదు". లోపం వస్తే "పాపకు ఫోన్ చేయి". పాత ఫైల్ తీసి కొత్తది పెడుతుంది కాబట్టి ఎప్పుడూ ఒకటే ఉంటుంది. పాత తేదీతో అలాగే నిలబడిపోతే అది కూడా కనిపించే గుర్తే. మామ పొద్దున దేవుడి పటానికి దండం పెట్టుకున్నాక చూసేది ఆ ఫైల్ పేరే.

తిరిగి తీసి చూసుకోకుండా బ్యాకప్ ఉందని చెప్పుకోవడం నాకు నచ్చదు. మామ మెషిన్ ముట్టకుండా, ల్యాబ్‌లో వేరే లినక్స్ మెషిన్‌కు డోన్ డిస్క్ పెట్టి, అత్త బీరువా కాగితం చదువుకుంటూ తెరిచాను. ఫైళ్లన్నీ ఉన్నాయి. కొత్తవి చక్కగా తెరుచుకున్నాయి. విండోస్ రోజుల నాటివి తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు. అవి అను ఫాంట్లతో టైపు చేసినవి, యూనికోడ్ కాదు. ఆ ఫాంట్ ఫైల్ మెషిన్‌లో లేకపోతే అక్షరం అక్షరంలా కనిపించదు. మామ మెషిన్‌లో ఫాంట్లు ఉన్నాయి కాబట్టి అక్కడ ఎప్పుడూ తేడా తెలియలేదు. ఆఫీసు కొనుక్కున్న ఫాంట్ల ఫోల్డర్‌ను కూడా బ్యాకప్‌లో చేర్చాను. మళ్లీ తెరిస్తే చెక్కుబందీలు తూర్పు పడమరలతో సహా వచ్చాయి. పత్రం భద్రంగా ఉండి దాన్ని చదివే లిపి పోయే ప్రమాదం తెలుగులో పనిచేసే పాత ఆఫీసులన్నిటికీ ఉంది. డీటీపీ సెంటర్లు, ప్రింటింగ్ ప్రెస్సులు నడిపేవాళ్లు ఇది ఒక్కసారి చూసుకోండి.

ఇప్పుడు మిగిలింది ఫోన్. పార్టీలు ఆధార్ కాపీ జిరాక్స్ తెచ్చే రోజులు పోయాయి, ఫొటో తీసి మామ వాట్సాప్‌కు పంపిస్తారు. కొలతల స్కెచ్ కూడా వాట్సాప్‌లోనే. మామ వాటిని ఫోన్‌లో చూస్తూ చదువుతాడు, పిల్లాడు టైపు చేస్తాడు. ఫోల్డర్‌లోకి రానిదాన్ని ఏ టైమర్ కాపీ చేస్తుంది? యూఎస్‌బీ తీగతో ఫోన్ కలిపి ఆర్‌సింక్ నడపడం నమ్మకం లేని పని, ఫోన్ తీగ మీద ఫైళ్లు పంపే ఎంటీపీ పద్ధతిలో తేదీలు సరిగ్గా నిలవవు. ఆఫీసు వైఫైలో ఫోన్ ఫొటోలు వాటంతట అవే కంప్యూటర్ ఫోల్డర్‌లోకి వచ్చేలా సింక్‌థింగ్ పెట్టాలని ఉంది. దానికి ముందు ఆఫీసుకు వైఫై ఉండాలి, మామ ఫోన్ ఒక పూట నా చేతికి ఇవ్వాలి. వైఫైకి ఒప్పుకున్నాడు. ఫోన్ మాత్రం ఇవ్వనంటున్నాడు.